బెదిరి, మళ్ళీ వచ్చేది

రేపల్లెలో పరుపులు కుట్టే ఆయన పోయారని నాకు పద్దెనిమిది రోజులు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మాయి పరుపు మధ్యలో కుంగిపోతే దాన్ని చుట్టి, తాడు కట్టి, తెనాలిలో రైలెక్కించి రేపల్లె తీసుకెళ్ళాను. తెనాలిలోనూ పరుపులు కుట్టేవాళ్ళున్నారు. కానీ ఆ పరుపు ఆయన చేతిది. దాన్ని ఇంకొకరి చేత విప్పించడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు.

షాపులో దూది మిషను ఆగి ఉంది. ఆయన కూర్చునే చోట కొడుకు కూర్చుని గలీబు అంచు కుడుతున్నాడు. నన్ను చూసి సూది పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అంతకు ముందు ఎన్నిసార్లు వెళ్ళినా ఆ అబ్బాయి అలా లేవలేదు.

"మీకు చెప్దామనే అనుకున్నానండి," అన్నాడు. "నాన్న ఫోన్లో మీ పేరు కోసం వెతికాను. లేదు. మా చెల్లెలి చేత ఎక్కించుకున్నాడు అన్నీ. మనుషుల పేర్లు లేవండి అందులో. మిల్లు నల్లది, కొలకలూరు చారలది, ఇట్టా ఉన్నయ్యి. అన్నీ కుక్కలే. ఒకటి మాత్రం తెనాలి పాప అని ఉంది. అది మీదని ఇప్పుడు మిమ్మల్ని చూశాక తట్టింది."

పరుపు అక్కడ దించి, తాడు ముడి విప్పాను. గోడకి దూదేకే పాత విల్లు ఎప్పటిలాగే వేలాడుతోంది.

ఆయన పేరు రాయను. జీవితమంతా పరుపులు కుట్టిన మనిషిని కుక్కల కోసం గుర్తుపెట్టుకోవడం వాళ్ళింట్లో వాళ్ళకి నచ్చకపోవచ్చు. ఊళ్ళో అందరూ సాయిబు గారనేవారు. మేమూ మొదట్లో అలాగే అన్నాం. తర్వాత బాబాయి గారన్నాం.

పొట్టి మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ కాస్త దూది ఉండేది. కాలరుకి గుచ్చిన సూది, ఆ సూదికి జానెడు తెల్లదారం. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ మొహం చూసేవారు కాదు, పాదాలు చూసేవారు. మనిషైనా కుక్కపిల్లైనా ముందు కాళ్ళు చెబుతాయని, మొహం తర్వాత సర్దుకుంటుందని ఒకసారి నాతో అన్నారు.

అడిగినవాళ్ళకి కుక్కపిల్లల్ని ఎంచిపెట్టేవారు, కానీ అది ఆయన వృత్తి కాదు. ఎలా నేర్చుకున్నారని అడిగితే ఆ గోడ మీది విల్లు చూపించారు. మిషన్లు రాకముందు దాన్ని భుజాన వేసుకుని రేపల్లె నుంచి కొలకలూరు దాకా, ఇటు కర్లపాలెం మీదుగా బాపట్ల దాకా ఇల్లిల్లూ తిరిగేవారట. వాకిట్లో కూర్చుని పాత దూది కుప్పపోసి, నారి మీద మొదటి దెబ్బ వేయగానే ఆ ఇంట్లో కుక్కపిల్లలుంటే అన్నీ చెల్లాచెదురయ్యేవి. కొన్ని గాదె కిందికి దూరి సాయంత్రం దాకా వచ్చేవి కావు. కొన్ని విల్లు మీదికి మొరిగేవి. ఒకటో రెండో మాత్రం పారిపోయి, కొంచెం దూరంలో ఆగి, వెనక్కి తిరిగి, ఆ మోగేది ఏమిటో చూద్దామని మెల్లగా వచ్చేవి. మళ్ళీ ఏడాది అదే ఇంటికి వెళ్ళినప్పుడు ఏ పిల్ల ఎలాంటి కుక్కయిందో చూసేవారు.

"ముప్ఫై ఏళ్ళు అదే చూశాను మాస్టారూ," అన్నారు. "దూది ఏకుతా కూర్చుంటే ఇంకేం చూస్తామండి."

నేను కాలేజీ లైబ్రరీలో పని చేసేవాణ్ణి. ఆయన పరిచయమైన చాలా కాలానికి కుక్కల పెంపకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చింది. ఏడు వారాల పిల్లకి చేసే స్వభావ పరీక్షలు అందులో వరసగా ఉన్నాయి. పిలిస్తే వస్తుందా, నడిస్తే వెంటపడుతుందా, వెల్లకిలా పడుకోబెడితే ఏం చేస్తుంది, చప్పుడు చేస్తే ఏం చేస్తుంది, గొడుగు తెరిస్తే ఏం చేస్తుంది. ఒక్కోదానికి మార్కులు. ఆ పుటలు వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను. మార్కులు తప్ప మిగిలినవన్నీ నేను కర్లపాలెంలో ఒక పంపుషెడ్డు కిటికీలోంచి కళ్ళారా చూశాను. చేసిన మనిషికి ఆ పుస్తకం చదివే అవకాశమే లేదు. ఏడు వారాలను కూడా ఆయన వారాలనేవారు కాదు. "పుట్టి ఎన్ని శుక్రవారాలైంది?" అని అడిగేవారు. ఏడు శుక్రవారాలు నిండకపోతే చూడ్డానికే వచ్చేవారు కాదు.

ఇది మంచి కుక్కపిల్లేనా అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు.

"ఎవరింటికండి?"

రేపల్లెలో ఒక మిల్లు యజమాని అయిదు కుక్కపిల్లల్లో పౌరుషం గలదాన్ని చూపించమన్నాడు. ఆయన ఒక నల్లదాన్ని చూపించి, ఇది మిల్లుకి బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంటికి మాత్రం తీసుకెళ్ళొద్దన్నారట. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారని ఆయనకి తెలుసు. ఆ నల్లది పదేళ్ళు మిల్లు కాసింది. ఇంకోసారి కొలకలూరులో ఒకాయన కబురు పెడితే వెళ్ళి, అరుగు మీద గంటసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఈ ఇంటికి ఇప్పుడప్పుడే కుక్క వద్దండి," అని చెప్పి వచ్చేశారు. కారణం చెప్పలేదు. ఆ గంటలో ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ రెండుసార్లు కేకలేసుకున్నారని, గొడవలు సద్దుమణిగిన రెండేళ్ళకి ఆయనే వెళ్ళి చారలపిల్లని ఇప్పించారని తర్వాత ఎవరో చెప్పారు. ఈ కథలు ముందే విని ఉండబట్టి, ఆయన మా ఇంటికి వచ్చిన రోజు నాకు భయం వేసింది.

మా అమ్మాయి సుధ గురించి చెప్పాలి. పుట్టేటప్పుడు ఊపిరి అందక దాని ఒంట్లో కండరాలు దాని మాట వినకుండా పోయాయి. నడవలేదు. మాట వస్తుంది, ఒక్కో ముక్క ఆగి ఆగి. అన్నిటికన్నా కష్టం చేతులతో. ఉన్నట్టుండి కుడిచెయ్యి ఎగిరి పక్కకి విసురుగా పడుతుంది. అది కావాలని చేసేది కాదు.

దానికి తొమ్మిదేళ్ళప్పుడు కుక్కపిల్ల కావాలంది. అప్పటికి సాయిబు గారు మాకు తెలియదు. బాపట్లలో నాతో పని చేసే ఒకాయన ఇంట్లో కుక్కపిల్లలుంటే నేనే వెళ్ళి ఎంచాను. మా వైపు అందరూ చూసే గుర్తులే చూశాను. ఇరవై గోళ్ళున్నాయా లేదా లెక్కపెట్టాను. చెవి పట్టుకుని పైకెత్తాను. మిగిలినవి కీచుమన్నాయి. ఒక తెల్లపిల్ల మాత్రం చప్పుడు చేయలేదు. అరవనిదే ధైర్యం గలదని పెద్దలు చెప్పగా విన్నాను. దాన్నే తెచ్చాను.

అది మా ఇంట్లో ఉన్న రెండు నెలలూ మంచం కిందే ఉంది. సుధ కుర్చీ చక్రం కదిలితే గోడకి అంటుకుపోయేది. ఒక మధ్యాహ్నం సుధ చెయ్యి ఎగిరి దాని వీపు మీద పడింది. అది తిరిగి మణికట్టు పట్టుకుంది. రెండు పళ్ళగాట్లు, వాటికి ఇంజెక్షన్లు. దాన్ని బాపట్లలోనే తిరిగి ఇచ్చేసి వచ్చాను.

సుధ ఏడవలేదు. ఒకే ఒక్క మాట అంది. "నేనంటే... దానికి... ఇష్టం లేదు."

ఆ మర్నాటి నుంచి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం పెట్టేటప్పుడు తీయమంటే తీసేది. అవగానే మళ్ళీ కిందికి. చేతులు వాడకపోతే ఉన్న కదలిక కూడా పోతుందని డాక్టరు హెచ్చరించాడు. బతిమాలాం, కోప్పడ్డాం. చేతులు బయటికి రాలేదు.

గట్టిగా కుట్టిన దూది పరుపైతే నడుము కుంగదని ఎవరో చెబితే రేపల్లె నుంచి తెప్పించుకున్నాం. కుట్టే ఆయన కుక్కపిల్లల్ని కూడా ఎంచుతారని ఆ చెప్పినవాళ్ళే అన్నారు. పరుపు వెంట కుట్టినాయనే వచ్చారు. పరుపు పరిచి, అరచేత్తో నాలుగు మూలలూ నొక్కి చూసి, సుధ వైపు తిరిగారు. అలవాటుగా ముందు దాని పాదాలు చూశారు. తర్వాత చేతులు.

"పాప చేతులు అట్టా ఎందుకు పెట్టుకుందమ్మా?" అని మా ఆవిడని అడిగారు.

ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన విని, ఆ పిల్లని ఎట్టా ఎంచారని నన్నడిగారు. గోళ్ళ సంగతి చెప్పాను. చెవి సంగతి చెప్పాను.

"అందరూ అట్టానే అనుకుంటారండి," అన్నారు. "అరవనిది ధైర్యం కాదండి. బిగుసుకుపోద్ది. అరిచేదన్నా నయం, నొప్పిగా ఉందని మీతో చెబుతోంది. అరవనిది ఎవరికీ చెప్పదు."

చెబుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. సుధ వైపూ చూడలేదు. పరుపు అంచు సర్దుతున్నారు. కానీ ఆ మాట విన్నాక మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఇంకో పిల్లని మీరే చూసిపెట్టండని అడిగాను. చూద్దామన్నారు తప్ప ఒప్పుకోలేదు.

పదిరోజుల తర్వాత, పరుపు ఎలా ఉందో చూసి వెళదామని వచ్చానంటూ మళ్ళీ వచ్చారు. కుర్చీలో కూర్చుని సంచిలోంచి పెద్ద కత్తెర తీశారు. అది ఆయన చేతిలోంచి జారి నాపరాయి మీద పెళ్ళున పడింది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి మళ్ళీ పనిలో పడింది. సుధ చెయ్యి తొడ కిందినుంచి ఊడి పైకి లేచింది. నేను ఒక్క అంగలో వెళ్ళి ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆయన వంగి కత్తెర తీసి సంచిలో పెట్టుకున్నారు. టీ తాగారు. పరుపు గురించి రెండు మాటలు మాట్లాడారు. గేటు దాకా నేను వెంట వెళితే అక్కడ ఆగి అడిగారు.

"పాప చెయ్యి విసిరినప్పుడల్లా అట్టా పట్టుకుంటారా మాస్టారూ?"

"పడిపోతుందేమోనని."

"ఎన్నిసార్లు పడిందండి?"

ఆలోచించాను. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"ఆ తెల్లపిల్ల తప్పేం లేదండి," అన్నారు ఆయన. "అసలే బిగుసుకుపోయే పిల్ల. పాప చెయ్యి లేచినప్పుడల్లా మీరు ఉరుకుతారు. అదేదో ప్రమాదమని దానికి మీరే నేర్పారు. పాపకీ మీరే నేర్పారేమో." ఆ చివరి మాట అన్నాక నొచ్చుకున్నట్టు నా భుజం మీద చెయ్యి వేశారు. "కర్లపాలెంలో ఒక ఈత కుక్కపిల్లలున్నయ్యి. ఏడో శుక్రవారం అయ్యాక కబురు పెడతాను. పాపని కూడా తీసుకు రండి."

కత్తెర దానంతట అది జారలేదని నాకు అప్పుడు అర్థమైంది. పరీక్ష ఆ రోజే మొదలైంది, కుక్కపిల్లలతో కాదు. ఆ కొలకలూరు ఆయనకి చెప్పినట్టు మాకూ వద్దని చెప్పేయొచ్చు. ఎందుకు చెప్పలేదో నేనెప్పుడూ అడగలేదు.

కబురు పెట్టి, ఏడో శుక్రవారం మర్నాడు, శనివారం, ఆయన రేపల్లె బండిలో తెనాలి వచ్చారు. మేం స్టేషన్లో కలుసుకుని బాపట్ల వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో కర్లపాలెం చేరాం. మా ఆవిడ టీచరు, ఆ రోజు స్కూలుంది. సుధని నేనే ఎత్తుకున్నాను. ఆయన దగ్గర ఒక గుడ్డసంచి ఉంది. అందులో పాత లుంగీ, పాత చొక్కా, ఒక స్టీలు మూత, నల్ల గొడుగు, దారం కట్టిన దూది ఉండ. పాత బట్టలు కుక్కల దగ్గరికి వెళ్ళేటప్పుడు వేసుకునేవి. పని అవగానే మోచేతుల దాకా కడుక్కుని, ఇంటి నుంచి వేసుకొచ్చిన బట్టలు మళ్ళీ వేసుకుంటేనే ఆయన నమాజుకి నిలబడేవారు. కుక్కలంటే అంత ఇష్టమున్న మనిషికి ఇది ఇబ్బందిగా ఉండదా అని దారిలో అడిగాను. ఇబ్బందేముంది, అదీ చేస్తాను, ఇదీ చేస్తాను అన్నారు. వాళ్ళ ఇంట్లో కుక్క లేదు. ఎప్పుడూ ఉండలేదు.

ఆ ఇంటి రైతు పెద్దగొంతు మనిషి. వాకిట్లో మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏంటి సాయిబు గారూ, పెళ్ళిచూపులకొచ్చినట్టు ఇంతమందొచ్చారు?"

"పెళ్ళిచూపులైతే ఒక్కసారి చూసి పోతామండి," అన్నారు ఈయన. "ఇక్కడ ఆరు పిల్లలున్నయ్యంట. ఆరుసార్లు చూడాలి."

"ఎందుకండీ ఆ శ్రమ. ఆ మచ్చలది పట్టుకెళ్ళండి. సింహం పిల్ల. అందరికన్నా ముందు అదే పరిగెత్తుకొస్తది."

"సింహమేనండి. ఎవరింటికండి?"

రైతు సుధ వైపు చూసి, దారి ఇచ్చి పక్కకి జరిగాడు.

పిల్లలు ఎప్పుడూ చూడని చోటు కావాలని అడిగి, దొడ్డి వెనక ఖాళీ పంపుషెడ్డు ఎంచుకున్నారు. పాలు తాగకముందే చూడాలన్నారు. ఇంటావిడ ఒక్కో పిల్లనీ తెచ్చి లోపల వదిలి తలుపు వేసి వెళ్ళాలి. నేను కిటికీ ఊచల దగ్గర నిలబడ్డాను. లోపలి పిల్లకి నేను కనపడకూడదు, మాట్లాడకూడదు.

మచ్చలది రాగానే ఆయన లుంగీ అంచు పట్టుకుని లాగింది. వెల్లకిలా తిప్పి గుండె మీద అరచెయ్యి ఆనిస్తే చివరిదాకా పెనుగులాడింది. మూత కింద పడేస్తే దాని మీదికి దూకింది. గొడుగు తెరిస్తే గొడుగు కొరికింది. నాకు ముచ్చటేసింది. ఆయన దాన్ని ఎత్తి బయట పెట్టారు.

మూడోదో నాలుగోదో ఒకటి వచ్చింది. దాన్ని వెల్లకిలా తిప్పితే కదల్లేదు. వేళ్ళ మధ్య చర్మం మెల్లగా నొక్కితే కాలు లాక్కోలేదు. మూత పడితే కన్ను కూడా ఆర్పలేదు. ఇంత శాంతమైనది సుధకి సరిగ్గా సరిపోతుందని మనసులో అనుకున్నాను. ఆయన తల తిప్పకుండానే, వేలితో దాని వెనక కాళ్ళు నాకు చూపించారు. కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. దాన్ని మాత్రం ఆయన వెంటనే బయట పెట్టలేదు. లుంగీ మడతలో కూర్చోబెట్టుకుని, వణుకు ఆగేదాకా ఉంచి, అప్పుడు ఇంటావిడని పిలిచి, దీన్ని తల్లి దగ్గర ఇంకో నెల ఉంచమని చెప్పారు. నేను బాపట్లలో చెవి పట్టి ఎత్తిన తెల్లపిల్ల గుర్తొచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాను.

ఆఖరిది ముదురు గోధుమరంగుది. చూడ్డానికి ఏ గొప్పా లేదు. చెవి ఒకటి నిలబడింది, ఒకటి వాలింది. పిలిస్తే కాస్త ఆలోచించి వచ్చింది. ఆయన లేచి నడిస్తే వెంట నడిచింది. వెల్లకిలా తిప్పితే కొంచెం పెనుగులాడి, ఆయన చేతి బరువు తెలుసుకుని, ఆగింది. దూది ఉండ దారంతో లాగితే వెంటపడి పట్టుకుని, నోట్లో పెట్టుకుని, నచ్చక తుమ్మింది. అప్పుడు మూత పడింది.

అది అరిచింది. ఒక్క పరుగున మూలకి పోయింది. ఇదీ పోయిందనుకున్నాను. ఆయన కదల్లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. ప్రతి పిల్లకీ పదిహేను దాకా లెక్కపెట్టేవారు, అంతకు మించి కాదు. దీనికి తొమ్మిది దగ్గరో పది దగ్గరో ముక్కు మూలలోంచి బయటికొచ్చింది. తర్వాత ఒక కాలు. మెడ సాచి, వెనక కాళ్ళు ఇంకా మూల వైపే ఉంచి, మూత దగ్గరికి వచ్చి వాసన చూసింది. పంజాతో ఒకసారి తట్టింది. మూత మోగితే వెనక్కి గెంతి మళ్ళీ వచ్చింది.

ఆయన కిటికీ వైపు తిరిగారు. కళ్ళు మెరుస్తున్నాయి. అన్నేళ్ళు చూసినదాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా ఉన్నారు.

"భయపడంది వద్దండి మాస్టారూ," అన్నారు. "భయపడంది ఎదటోళ్ళ భయం కూడా ఎరగదు. ఇంట్లో అన్నీ భయపెట్టేవే ఉంటయ్యి. బెదిరి, మళ్ళీ వచ్చేది కావాలి."

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. షెడ్డు బయట వేపచెట్టు నీడలో చాప వేసి సుధని కూర్చోబెట్టమన్నారు. దాని వీపుకి వడ్ల బస్తా ఆనించాను. చేతులు ఎప్పటిలా తొడల కిందే ఉన్నాయి. ఆయన దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"అమ్మా, చేతులు బయట పెట్టు. ఏమైతే అది కానీ."

సుధ నా వైపు చూసింది. నేను ముందుకి రాబోయాను. ఆయన నన్ను పది అడుగులు వెనక్కి వెళ్ళమన్నారు. వెళ్ళాక, చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. రైతు దూరంగా నిలబడి చూస్తున్నాడు. నవ్వడం లేదు.

సుధ చేతులు బయటికి తీసింది. గోధుమరంగు పిల్ల వచ్చి దాని గౌను వాసన చూసింది. మోకాలు నాకింది. సుధ కుడిచెయ్యి లేచింది. ఆ చెయ్యి లేవడం నాకు తెలుసు, ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. నా చేతులు వెనక ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. చెయ్యి వెళ్ళి పిల్ల ముక్కు మీద పడింది.

అది కుయ్యోమని గడ్డివామి వెనక్కి పారిపోయింది.

"పో... యింది," అంది సుధ. చేతులు మళ్ళీ తొడల కిందికి పోతున్నాయి.

నేను ఒక అడుగు వేశాను. ఆయన నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపారు. రెండో చేత్తో సుధకి వద్దని సైగ చేశారు, చేతులు అలాగే ఉంచమని. అది ఉంచింది. ఒక చెయ్యి వణుకుతోంది, ఒక చెయ్యి పక్కకి తిరిగి ఉంది, అయినా బయటే ఉన్నాయి. ఆయన పెదవులు కదలడం మొదలైంది. నేనూ లెక్కపెట్టాను. పది దాటింది. పన్నెండు దాటింది. నా జీవితంలో నేను దేనికోసమూ అంతగా ఎదురుచూడలేదు.

పద్నాలుగు దగ్గర గడ్డివామి పక్కన వాలిన చెవి కనపడింది.

అది తిన్నగా రాలేదు. చాప చుట్టూ సగం తిరిగి, ఒకసారి ఆగి కూర్చుని, మళ్ళీ లేచి వచ్చింది. ఏ చెయ్యి దాన్ని కొట్టిందో ఆ చెయ్యి వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత సుధ పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. చెయ్యి మళ్ళీ ఎగిరింది, ఈసారి గాల్లోకి. పిల్ల చెవులు వెనక్కి పోయాయి. గడ్డం అక్కడే ఉంది.

"అయిపోయిందండి," అన్నారు ఆయన. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం నమాజు వేళయింది. బట్టలు మార్చుకుని, రైతు చూపించిన శుభ్రమైన చోట తువ్వాలు పరుచుకున్నారు. ఆ ప్రార్థన అయ్యేదాకా అంత పెద్దగొంతు రైతు కూడా లోపలున్న ఇంటావిడతో సైగలతో మాట్లాడాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఇది జీవితాంతం ఇలాగే ఉంటుందా అని అడిగాను. ఇవాళ చూసింది ఇవాళ్టి మనసేనని, రేపటిది మా చేతుల్లో ఉంటుందని అన్నారు. నా చేతుల వైపు చూసి నవ్వారు. సుధ దానికి దూది అని పేరు పెట్టింది. దూది ఉండ నోట్లో పెట్టుకుని తుమ్మిన సంగతి నేను చెప్పాను మరి. కాఫీగింజ రంగున్న కుక్కని దూదీ అని పిలుస్తుంటే మా వీధిలో ఇప్పటికీ కొత్తవాళ్ళు తిరిగి చూస్తారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన ఏడాదికొకసారి పరుపు చూడ్డానికి వచ్చేవారు. దూది గేటు దాకా వెళ్ళేది. ఆయన దాన్ని ముట్టుకునేవారు కాదు. మంచి బట్టల్లో ఉండేవారు కదా. రెండడుగుల దూరంలో ఆగి దాని కాళ్ళు చూసేవారు, అది కూర్చునేది. ఇద్దరికీ అదే పలకరింపు. ఒకసారి సుధ అడిగింది, తాతా, నీకెందుకు కుక్క లేదు అని. అది ఆ ప్రశ్న పూర్తి చేసేదాకా ఆయన ఓపిగ్గా ఆగారు.

"మా ఇంట్లో ఉండకూడదమ్మా," అన్నారు. "అందుకని మీ ఇంట్లో పెట్టాను."

రేపల్లె నుంచి వచ్చే బండిలో తెనాలి దాకా నేను ఆలోచించింది ఒకటే, సుధకి ఎలా చెప్పాలని. దానికిప్పుడు ఇరవై ఏళ్ళు. కుడిచేత్తో చెంచా పట్టుకుంటుంది. టాబ్లెట్ మీద ఒక్కో అక్షరం నొక్కి నాకు పుస్తకాల పేర్లు పంపుతుంది. పరుపు దింపి వస్తానని చెప్పి వెళ్ళాను, తాతని అడిగానని చెప్పమంది.

ఇంటికి వెళ్ళేసరికి సాయంత్రం అయిదు. సుధ వరండాలో కుర్చీలో ఉంది. దూది దాని పాదాల దగ్గర ఎండలో పడుకుంది. ముసలిదైపోయింది, మూతి తెల్లబడింది. తాత ఏమన్నాడని సుధ అడిగింది. నేను కుర్చీ ముందు నిలబడి, దాచకుండా, ఆయన పోయారని చెప్పాను.

అది ఏడవలేదు. దూది వైపు చూసింది. తర్వాత, పదకొండేళ్ళలో మొదటిసారి, రెండు చేతులూ మెల్లగా తొడల కిందికి పోయాయి.

నాకు వెళ్ళి ఆ చేతులు బయటికి తీయాలనిపించింది. పట్టుకోవాలనిపించింది. గుమ్మం దాకా వెనక్కి నడిచి, నా చేతులు వెనక్కి కట్టుకున్నాను. పెదవులు కదిలించలేదు కానీ లెక్కపెట్టాను. పదిహేను అయింది. అయినా ఆగాను. ముప్ఫై అయింది.

"దూదికి... చెప్పావా?" అంది సుధ.

"లేదమ్మా."

"నేను... చెప్తా."

కుడిచెయ్యి బయటికి వచ్చింది. కిందికి దిగుతూ దిగుతూ సగంలో ఎగిరి కుర్చీ చక్రానికి తగిలి పెద్ద చప్పుడైంది. దూది ఉలిక్కిపడి లేచి రెండడుగులు వెనక్కి వేసింది. నేను గుమ్మంలోంచి కదల్లేదు. అది మెడ సాచి ఆ చెయ్యి వాసన చూసి, దగ్గరికి వచ్చి, ముసలి కాళ్ళు ఒక్కొక్కటే మడిచి మళ్ళీ ఆ పాదం మీదే గడ్డం పెట్టింది. సుధ దాని మీదికి వంగి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్క, ఆగి ఆగి. చాలాసేపు పట్టింది.